ముందు వత్తి సంగతి

ఫ్యాను కట్టేశాను, ఏమనుకోకండి. ఇంకో గంటన్నర ఇలాగే ఉండాలి. మాఘమాసం కాబట్టి సరిపోయింది గానీ, మా విజయవాడలో మే నెలలో ఈ పని పెట్టుకోలేం. ఆ బల్ల మీద మూడు గాజు గ్లాసులు చూశారా? మూడింటిలోనూ ఒకటే సోయా మైనం, ఒకటే మల్లె సువాసన నూనె, ఒకటే కొలత. తేడా అంతా వత్తిలోనే. ఎడమ పక్కది సన్నం, నడిమిది కాస్త లావు, కుడి పక్కది ఇంకా లావు. ఐదున్నరకి వెలిగించాను, తొమ్మిదిన్నరకి మూతలు పెట్టేస్తాను. ఫ్యాను తిరిగిందంటే మంట ఊగి గ్లాసుకి మసి పడుతుంది. ఆ మసి వత్తి వల్ల పట్టిందా, గాలి వల్ల పట్టిందా అన్నది తేలదు.

వాసన కొవ్వొత్తులు చేస్తున్నానంటే ఎవరైనా మొదట అడిగేది ఏ వాసన అనే. రెండేళ్ల కిందట నా ధ్యాసా అంతా దానిమీదే. మొదటి గ్లాసు వెలిగిస్తే గదిలో ఏ వాసనా లేదు. రెండో గ్లాసులో నూనె రెట్టింపు పోశాను. పైన చెమట పట్టినట్టు నూనె చుక్కలు తేలాయి, మంట వడ్లగింజంతై కాసేపటికి ఆరిపోయింది. మైనం తాగగలిగిన నూనెకి ఒక హద్దుంది. మామూలుగా నూటికి 6 నుంచి 10 పాళ్లు. నేను 8 వేస్తాను. అంటే 170 గ్రాముల మైనానికి 13.6 గ్రాములు. చెంచాలతో కాదు, తూకంతో. హద్దు దాటిన నూనె మైనంలో నిలవదు, వత్తిలో చేరి దారి మూసేస్తుంది.

అసలు వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి, ఇలా దగ్గరికి రండి. మంటలోంచి కాదు. మంట చుట్టూ కరిగిన మైనం మడుగు కట్టింది కదా, ఆ వేడికి అందులోని నూనె ఆవిరై గదిలోకి వస్తుంది. మడుగు వెడల్పయితేనే వాసన. మడుగు ఎంత వెడల్పు కావాలో నిర్ణయించేది వత్తి. అందుకే వాసన రాలేదని నూనె సీసా వైపు చెయ్యి చాచేముందు వత్తి మార్చి చూడమంటాను. వత్తులు సన్నం నుంచి లావు దాకా నంబర్లతో అమ్ముతారు, పక్క పక్క నంబర్లు మూడు తెచ్చుకుంటే చాలు.

ఈ గ్లాసుల వెడల్పు ఏడు సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్లకి గంట అని ఒక అందాజు లెక్క. ఆ ప్రకారం మూడు గంటలకి అటూ ఇటూగా మడుగు అంచుల్ని తాకాలి, లోతు ఒక సెంటీమీటరు దగ్గర ఉండాలి. రెండున్నర గంటలయింది. ఎడమ పక్కది వత్తి చుట్టూనే బావిలా దిగుతోంది. కుడి పక్కది గంటన్నరకే అంచు తాకింది, గ్లాసు ముట్టుకుంటే చురుక్కుమంటోంది. నడిమిదానికి ఇంకా అరవేలు మందం అంచు మిగిలింది. నా ఆశ దానిమీదే. ఎడమదాన్ని కూడా ఇవాళే తీసి పారెయ్యను. మైనం తగ్గేకొద్దీ మంట గ్లాసు లోపలికి దిగి వేడి నిలుస్తుంది, వెనకబడ్డ వత్తి అప్పుడు పుంజుకోవచ్చు. మొదటి రోజే చురుగ్గా అంచు తాకింది అడుగుకొచ్చేసరికి మరీ వేడెక్కి గ్లాసుని పగలగొట్టనూవచ్చు. అందుకే చివరి దాకా వెలిగించి చూడందే ఎవరికీ ఇవ్వను. ఒకటింబావు సెంటీమీటరు మైనం మిగలగానే ఆపేస్తాను.

కుడి పక్క వత్తి కొస చూడండి, నల్లగా పుట్టగొడుగులా ఉబ్బింది. దానికి మనకి మంచి మాటుంది, కొడి. సాయంత్రం దీపం దగ్గర అమ్మమ్మ "కొడి రాల్చి వత్తి ఎగదోయవే" అనేది. కొడిగట్టిన దీపం అంటే కొండెక్కబోయే దీపమని అందరికీ తెలుసు. అందుకు కారణం మాత్రం ఈ గ్లాసుల దగ్గర కూర్చున్నాకే నాకు అర్థమైంది. వత్తి పీల్చి పైకి పంపేది మంట కాల్చగలిగిన దానికన్నా ఎక్కువైతే, కాలని బొగ్గు కొసన పేరుకుంటుంది. వెలిగించే ప్రతిసారీ వత్తిని ఆరు మిల్లీమీటర్లకి కత్తిరించమనడం అందుకే. మన కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వూ వత్తీ రెండూ ఉన్నాయి, గమనించారా? జంతువుల కొవ్వుతో చేసిన రోజుల్లో ఐరోపాలో కొడి తియ్యడానికి వేరే కత్తెరలే ఉండేవి. 1825లో ఫ్రాన్సులో కాంబసెరెస్ అనే ఆయన పేనిన వత్తి బదులు జడలా అల్లిన వత్తి తెచ్చాడు. అల్లిక బిగువుకి కొస పక్కకి వంగి మంట అంచు దాటుతుంది. అక్కడ గాలి తగిలి తనంతట తానే కాలిపోతుంది. ఎంత చిన్న ఉపాయం! ఇదిగో, ఈ మూడూ అలాంటి అల్లిక వత్తులే.

ఒక్క నిమిషం, కరెంటు పోతే వెలిగించే మామూలు కొవ్వొత్తి తెస్తాను. ఇప్పుడు దీన్ని ఊదేస్తున్నాను. తెల్లగా తీగలా పైకి వెళ్తోందే, అది ఆవిరైన మైనం. అగ్గిపుల్ల వత్తికి తాకించకుండా ఆ తీగకి చూపిస్తే... చూశారా, మంట ఎలా దూకి దిగిందో! మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకి చేసి చూపించింది ఇదే. 1860 క్రిస్మస్ సెలవుల్లో కొవ్వొత్తి మీద వరుసగా ఆరు ఉపన్యాసాలిచ్చాడు. కాలేది మైనం ఆవిరే. నా గ్లాసుల్ని ఊదకుండా మూత పెట్టి ఆర్పేదీ అందుకే, ఆ తెల్లటి ఆవిరి వాసన నా మల్లెని మింగేస్తుంది.

రంగు కోసం పిల్లల క్రేయాన్లు మాత్రం కరిగించకండి. ఆ రంగుపొడి వత్తిలో ఇరుక్కుని మంటని చంపేస్తుంది. ఒంటికి పూసుకునే సెంటూ వద్దు, అందులో స్పిరిటు ఉంటుంది. ఎండిన పూరేకులు పైన అందంగా చల్లుతారు, అవి మంటకి అందితే ఒక్కొక్కటీ ఒక్కో వత్తవుతుంది. వెనిల్లా వేస్తే మైనం గోధుమరంగుకి తిరుగుతుంది, కంగారు పడక్కర్లేదు. పైన తెల్లగా పొడలు పొడలుగా కనిపించినా దోషం కాదు. నెయ్యి చల్లారి పూస కట్టినట్టే సోయా మైనమూ పూస కడుతుంది. మండడానికి దాంతో ఇబ్బందేం లేదు.

ఒకటి మాత్రం నెమ్మదిగా చెప్పాలి. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. ఎప్పుడైనా మైనం అంటుకుంటే నీళ్లు పొయ్యకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టండి. పోసేటప్పుడు పక్కన మూత లేకుండా నేను పని మొదలుపెట్టను.

సోయా మైనం చాలా రకాలు 50 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. ఎండాకాలం ఇక్కడ 45 చూస్తాం. పోయిన మే నెలలో ఒక స్నేహితురాలికి పెట్టెలో పంపిన నాలుగు గ్లాసులు చేరేసరికి పక్కకి ఒరిగి, నూనె కక్కి ఉన్నాయి. వేసవికి ఇంకాస్త గట్టి మైనం వెతుకుతున్నాను. అది దొరికితే మళ్లీ మూడు గ్లాసులు, మూడు వత్తులు, ఈ నోటుపుస్తకంలో కొత్త పేజీ. తేదీ, మైనం, నూనె తూకం, ఎంత వేడి మీద పోశాను, గంట గంటకీ మడుగు ఎంత. రెండు సంగతులు ఒకేసారి మార్చానా, ఆ పేజీ దేనికీ పనికిరాదు.

ఇంకో ఆలస్యమూ ఉంది. సోయా కొవ్వొత్తిని పోసిన మర్నాడే వెలిగిస్తే వాసన పలచగా ఉంటుంది. మూత పెట్టి రెండు వారాలు ఆగితే నిండుగా వస్తుంది. ఈ మూడూ సంక్రాంతి వెళ్లాక పోసినవి.

అన్నట్టు, మీతో ఒక పని పడింది. పక్క గదిలో తలుపు వేసి నాలుగోది వెలిగించి ఉంచాను, రెండు గంటలు దాటింది. నేను పొద్దుటి నుంచీ ఈ నూనెల మధ్యే ఉన్నాను, నా ముక్కు అలవాటు పడిపోయింది, దాన్ని నమ్మలేను. మీరూ ఇక్కడ చాలాసేపు కూర్చున్నారు కాబట్టి వరండాలో ఒక పది నిమిషాలు తిరిగి రండి. వచ్చాక ఆ తలుపు తీసి లోపలికి వెళ్లండి. ఏం వాసనో నేను చెప్పను. గుమ్మంలోనే తెలిసిందా, గది మధ్యకి వెళ్లాకా, లేక గ్లాసు మీదికి వంగితే గానీ తెలియలేదా, అదొక్కటి చెప్పండి. పెన్ను తెరిచి కూర్చుంటాను.