అమ్మ తెచ్చిన బొమ్మలు

2 అక్టోబర్ 2024, బుధవారం

మహాలయ అమావాస్య. పొద్దున్నే స్టేషనుకు పోయి అందరినీ తీసుకొచ్చాము. అమ్మ, తమ్ముడు, మరదలు, పిల్లలిద్దరు. అనంతపురంలో రాత్రి రైలెక్కి పడుకుంటే లేచేసరికి మైసూరు దగ్గర పడుతుంది. అమ్మ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టీ పెట్టగానే శాలువా కప్పుకుంది. "మీ ఊరు ఎప్పుడూ చలే పాపా" అంది. ఇరవై ఎనిమిదేళ్లుగా దిగగానే ఆమె అనే మొదటి మాట ఇదే.

సామాన్లన్నీ మావాళ్లు పట్టుకున్నారు గానీ ఒక గుడ్డమూట మాత్రం అమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మూట విప్పింది. పాత దుప్పటి ముక్క, దాని లోపల తువ్వాలు, దాని లోపల జానెడెత్తు ఎర్రచందనం బొమ్మలు రెండు. ఒకటి మగ, ఒకటి ఆడ. తమ్ముడి చిన్నోడికి తిరుపతిలో గుండు చేయించినప్పుడు కొన్నదట. ఆరు నెలలుగా బీరువాలో దాచింది. నాకు ఒక్కమాట చెప్పలేదు.

ఇక్కడ దసరా బొమ్మల కొలువులో పై మెట్టు మీద రాజూ రాణీ ఉండాలి. పట్టద గొంబె అంటారు. ఆడపిల్ల పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చి పంపే జత అది. తాడిపత్రిలో మా పుట్టింట్లో కొలువు పెట్టే ఆనవాయితీ లేదు. ఇక్కడికొచ్చిన మూడో ఏడు పక్కింటి అజ్జి, అంటే కన్నడ అవ్వ, పట్టుబడితే మొదలుపెట్టాను. రాజూ రాణీ లేరు కాబట్టి పై మెట్టు మీద వెంకటేశ్వరస్వామి పటం పెడుతూ వచ్చాను. నిరుడు అమ్మ వచ్చినప్పుడు అజ్జి ఆ మెట్టు చూపించి కన్నడంలో ఏదో చెప్తుంటే, అమ్మ తల ఊపుతుంటే, మర్యాదకు ఊపుతోందనుకున్నాను.

"పెళ్లప్పుడు నాకు తెలీదు కదమ్మా. తెలిసింటే అప్పుడే ఇచ్చిపంపేదాన్ని" అంది అమ్మ.

నాకు గొంతు పెగల్లేదు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద పాలే లేవు.

3 అక్టోబర్, గురువారం

మెట్లు పరిచాము. మా ఆయన వారం ముందే పళ్లెంలో మట్టి పోసి రాగులు చల్లారు. వేలెడెత్తు లేచాయి. అదే మా కొలువులో పొలం.

అమ్మకు పొద్దంతా బొమ్మల బట్టలే పని. తన ధర్మవరం పట్టు రవిక ఒకటి తెచ్చుకుంది, మామిడిపండు రంగు, ముదురాకుపచ్చ అంచు. దాన్ని కత్తిరిస్తుంటే నాకే చెయ్యి అడ్డం పెట్టాలనిపించింది. జానెడు బొమ్మకు కుచ్చిళ్లు నిలవవు. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ జారిపోయాయి. అప్పుడు లేచి పోయి అన్నం వార్చిన గంజి తెచ్చి, గుడ్డను అందులో ముంచి, నేలమీద పరిచి, వేలిగోటితో ఒక్కో మడతా నొక్కుతూ పోయింది. పైన తెల్లగుడ్డ కప్పి దాని మీద ఇత్తడి బిందె పెట్టింది. సాయంత్రానికి కుచ్చిళ్లు కత్తి అంచుల్లా లేచాయి. సూదిలో దారం ఎక్కించింది మాత్రం తమ్ముడి కూతురు.

రాజుకు తలపాగా ఎట్లా చుట్టాలని అడిగింది. మైసూరు పేట అంటే ఎట్లుంటుందో చూపించడానికి విశ్వేశ్వరయ్య ఫోటో బయటికి తీశాను. ఈ రాజ్యానికి 1912 నుంచి 1918 దాకా దివాను. ఇంటిపేరు మోక్షగుండం మన ప్రకాశం జిల్లాలో ఊరేనని చెప్తే, "అయితే మనోళ్లే" అని రవిక అంచు జరీని ఫోటోలో ఉన్నట్టే చుట్టింది.

6 అక్టోబర్, ఆదివారం

అందరం దేవరాజ మార్కెట్టుకు పోయాము. నేను ఈ ఊరిని ప్రేమించడం మొదలైంది ఆ పూలబజారులోనే. కుంకుమ రాశులు, నంజనగూడు రసబాళె గెలలు, తమలపాకు కట్టలు. అన్నిటినీ దాటి పూల దగ్గరికొస్తే కళ్లకు ఇంకేమీ కనబడదు.

అమ్మ చేమంతి దండ ముందు ఆగింది. "మారు ఎష్టు" అని నేను కన్నడంలో అడగబోయేలోగా తనే తెలుగులో "బార ఎంత?" అని రెండు చేతులూ చాపింది. పూలామె కూడా చేతులు చాపి చూపించింది. ఆమె పొడుగు మనిషి. అమ్మ తన చేతులు ఆమె చేతుల పక్కన పెట్టి చూసుకుని, "నీ కొలతే కొలువు తల్లీ, నాది వద్దు" అంది. ఆమెకు భాష తెలియకపోయినా మాట అందింది. పకపకా నవ్వి, కొలిచిన దండకు ఇంకో జానెడు కలిపి కోసింది.

రాత్రి ఏడు గంటలకు ప్యాలెస్ ముందర నిలబడ్డాము. పాత కొయ్య ప్యాలెస్ 1897లో కాలిపోయిందనీ, హెన్రీ ఇర్విన్ గీసిన నమూనాతో ఇది 1912కి తయారైందనీ మా ఆయన పిల్లలకు చెప్తుండగానే లైట్లు వెలిగాయి. దగ్గరదగ్గర లక్ష బల్బులు, ఒక్క రెప్పపాటులో. జనంలోంచి వచ్చే ఆ "ఆ..." ఉందే, అది ఎన్నిసార్లు విన్నా నా ఒళ్లు జలదరిస్తుంది. పక్కకు చూస్తే అమ్మ హారతికి దణ్ణం పెట్టినట్టు చేతులు జోడించి ఉంది.

8 అక్టోబర్, మంగళవారం

ఊరివాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. దసరా ఊరేగింపు ఏనుగులను దగ్గరగా చూడాలంటే విజయదశమి దాకా ఆగకూడదు, పొద్దున తాలీముకు పోవాలి. సయ్యాజిరావు రోడ్డు పక్కన అమ్మకు మడత కుర్చీ వేశాము. ముందు నడిచే ఏనుగు అభిమన్యు. అంత బరువైన అడుగుకు చప్పుడే లేదు, ముఖానికి గాలి మాత్రం తగిలింది. "ఎంత నెమ్మదిగా నడుస్తాడో చూడు, పెద్దమనిషి" అంది అమ్మ.

తిరిగొస్తూ మహారాజా కళాశాల ముందు ఆటో ఆపించాను. మా అనంతపురం జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 నుంచి ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే తెలుగు పాఠం చెప్పారు. ఆ తర్వాత తిరుపతిలో అన్నమయ్య పాటలకు స్వరాలు కూర్చారు. వచ్చిన కొత్తలో, ఇక్కడ నాతో తెలుగు మాట్లాడే మనిషి లేడని ఏడ్చిన రోజుల్లో, ఈ గేటు ముందు నుంచి నడిచి పోయేదాన్ని. ఆయన ఇక్కడ అన్నేళ్లు బతికి అన్ని మాటలు రాసుకున్నారంటే నేనూ బతకగలననిపించేది. అమ్మకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళ చెప్పాను. చాలాసేపు గేటు వైపే చూసి, "ఏడ్చినావా? ఉత్తరాల్లో రాయలేదే" అంది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

12 అక్టోబర్, శనివారం

విజయదశమి. తమ్ముడూ పిల్లలూ మధ్యాహ్నమే పోయి జనంలో కలిశారు. నేనూ అమ్మా అజ్జీ టీవీ ముందు. 750 కిలోల బంగారు అంబారీ, అందులో ఒకప్పుడు రాజు కూర్చున్న చోట ఇప్పుడు చాముండేశ్వరమ్మ. ఊరేగింపు పోయి చేరే బన్నిమంటపంలో బన్ని అంటే మన జమ్మేనని చెప్పాను. "చెట్టు ఒకటే అయితే పండగ ఒకటే" అంది అమ్మ, అజ్జి వైపు తిరిగి. ఆమె తెలుగు, ఈమె కన్నడం, గంటసేపు మాట్లాడుకున్నారు. నేను మధ్యలో దూరలేదు.

రాత్రి బొమ్మలను పడుకోబెట్టే వేళకు అమ్మే లేచింది. రాజునూ రాణినీ మెట్టు మీద పక్కపక్కన పడుకోబెట్టి, నలగకుండా కుచ్చిళ్లు సర్దింది.

14 అక్టోబర్, సోమవారం

వెళ్లిపోయారు. డబ్బా నిండా మైసూర్ పాక్ కట్టిచ్చాను. ఇల్లంతా అమ్మ వక్కాకుల వాసన.

20 అక్టోబర్, ఆదివారం

బొమ్మలు పెట్టెలో సర్దుతుంటే ఫోన్ వచ్చింది.

"బట్టలతోనే పెడుతున్నావా?"

"అవునమ్మా, విప్పడానికి చేతులు రాలేదు."

"విప్పు. పట్టుకు పురుగు పడుతుంది. విడిగా మడిచి, మిరియాలు మూటగట్టి దాంట్లో వెయ్యి."

"మళ్లా ఆ కుచ్చిళ్లు నాకు రావమ్మా."

"నీకెందుకు రావాల? వచ్చే ఏడు నేనే పెడతా కదా. ఈసారి గంజి చిక్కగా పెట్టాల, మొన్నటిది పల్చన."

విప్పాను. గంజికి బిరుసెక్కిన మడతలు బొమ్మ లేకపోయినా అట్లాగే నిలబడి ఉన్నాయి.