వైట్ సిమెంట్ వెనకాల

నల్లగండ్ల, గోపన్‌పల్లి, తెల్లాపూర్... శేరిలింగంపల్లి చుట్టుపక్కల కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఎక్కడ చూసినా గోడకి వేలాడే కమోడే. కింద పాదం ఉండదు, నేల తుడవడం తేలిక, ఫొటోలో కూడా బాగుంటుంది. దాని వెనకాల ఏముందో మాత్రం కారేదాకా ఎవరికీ పట్టదు.

మా ఫ్లాట్‌లో కారింది. ఆ సంగతి ముందు తెలిసింది మాకు కాదు, కింద ఫ్లాట్ ఆంటీకి. ‘‘అమ్మా, మా బాత్రూమ్ పైకప్పు మీద పసుప్పచ్చ మరక పెద్దదవుతోంది, ఓసారి వచ్చి చూడవా’’ అని పిలిచారు. అంకుల్‌కి మోకాలి ఆపరేషనై రెండు నెలలు. వాకర్‌తో వెళ్లగలిగేంత దగ్గర్లో ఉన్న బాత్రూమ్ అదొక్కటే. సరిగ్గా ఆయన అడుగు పెట్టే చోటే చుక్కలు. ఆంటీ ఒక్క మాట గట్టిగా అనలేదు. పాత టవల్ ఒకటి పరిచి, పూటకోసారి మారుస్తున్నారు. ఆ టవల్‌ని తడిపేది ఏ నీళ్లో తెలిసీ పైన మేము హాయిగా ఫ్లష్ ఎలా నొక్కుతాం?

మా ఓనర్ ఉండేది అమెరికాలో. ‘చేయించేయండి, రెంట్‌లో తగ్గించుకోండి’ అని మెసేజ్ పెట్టారు. యాప్‌లో బుక్ చేస్తే ఒకతను వచ్చాడు. టార్చ్ వేసి చూసి, కమోడ్‌కీ టైల్‌కీ మధ్య సందు మొత్తం వైట్ సిమెంట్ పూసి, ఇరవై నిమిషాల్లో డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. మా నేల పొడిగా ఉంది. నాలుగో రోజుకి కింద మరక రెట్టింపైంది.

ఎందుకంటే వైట్ సిమెంట్ లీకుని ఆపదు, దాచిపెడుతుంది. కమోడ్ వెనకాల గోడలోంచి రెండు పైపులు వస్తాయి. పైది లోపల దాగున్న ట్యాంకు నుంచి నీళ్లు తెచ్చేది, కిందది మురుగు తీసుకెళ్లేది. రెండింటికీ చెరో రబ్బరు సీల్. ఆ సీల్ పక్కకి జరిగితే ప్రతి ఫ్లష్‌కీ కాసిన్ని నీళ్లు బయటికొస్తాయి. సందు తెరిచి ఉంటే అవి మన టైల్ మీదకి జారి, మనకే కనపడతాయి. ఆ సందు మూసేస్తే వాటికి దారి గోడ లోపలికే. ప్లాస్టర్ తాగుతుంది, తర్వాత స్లాబ్ తాగుతుంది, ఆ తర్వాత కింది వాళ్ల ఇల్లు.

వాచ్‌మన్ ద్వారా దొరికిన రెండో ప్లంబర్‌ది ఒడిశాలోని కేంద్రపారా జిల్లా. హైదరాబాద్‌లో పైపుల పనివాళ్లలో చాలామందిది ఆ వైపే. బ్రిటిష్ కాలంలో కలకత్తా వెళ్లి ఈ పని నేర్చుకున్నవాళ్ల నుంచి అది ఆ ఊళ్లకి పాకింది. అక్కడి పట్టముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ఒక ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మనవాళ్లు కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చినట్టన్నమాట.

వచ్చీరాగానే సుత్తి తియ్యలేదు. ‘‘మేడమ్, ముందు నేలంతా తుడిచి, మూడు గంటలు ఫ్లష్ చెయ్యకండి’’ అన్నాడు సగం హిందీ, సగం తెలుగులో. అంతసేపు వాడకపోయినా తడి వస్తే ట్యాంకుకి నీళ్లు తెచ్చే లైన్ అనుమానించాలి. ఫ్లష్ చేసినప్పుడే వస్తే సీల్. తర్వాత పాత వైట్ సిమెంట్ గీకేసి, కమోడ్ గిన్నెలో కేసరి రంగు కలిపి ఫ్లష్ కొట్టాడు. సందులోంచి నారింజ రంగు చుక్క జారింది. ఈ రెండు పరీక్షలకీ ప్లంబరే అక్కర్లేదు, మీ వంటింట్లో మిఠాయి రంగుంటే చాలు. ముందే చేసి పెట్టుకుంటే వచ్చినవాడు మిమ్మల్ని మాటలతో తిప్పలేడు.

కమోడ్ దించడానికి ఇద్దరు కావాలి, పాతిక కిలోల దాకా ఉంటుంది. గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు బోల్టుల మీదే అది వేలాడుతుంది. నేను టార్చ్ పట్టుకున్నా. దించాక విషయం తేలిపోయింది: ఇల్లు కట్టినప్పుడే మురుగు పైపు ముక్కని పొట్టిగా కోశారు. సీల్‌లోకి పూర్తిగా దూరకుండా అంచు మీద ఆనుకుని ఉంది. ఇన్నాళ్లు కారకపోవడమే వింత.

పాత సీల్ పట్టుకుని చందానగర్ హార్డ్‌వేర్ షాపుకి నేనే వెళ్లా. మురుగు పైపు 90 మిల్లీమీటర్లదీ ఉంటుంది, 110దీ ఉంటుంది, నోటిమాట మీద కొంటే రెండోసారి వెళ్లాల్సిందే. కొత్త పైపు ముక్క, సీళ్లు రెండూ కలిపి యాప్ వాడి విజిటింగ్ ఛార్జీ కన్నా తక్కువే అయ్యాయి. ఆయన పైపుని కొలిచి కోసి, కోసిన అంచుని నున్నగా అరగదీశాడు. గరుకుంటే రబ్బరు చిరుగుతుందట. సీల్‌కి సబ్బు నీళ్లు రాసి ఎక్కించాడు. గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోయి పాడవుతుంది. నట్లు ఒకవైపు కొంచెం, ఇంకోవైపు కొంచెం బిగించాడు. ఒకేసారి బలంగా తిప్పితే పింగాణీ పగులుతుంది. చివర్లో చుట్టూ సిలికాన్ వేసి, అడుగున మాత్రం రెండు వేళ్లంత ఖాళీ వదిలాడు. ‘‘ఇంకెప్పుడైనా కారితే ముందు మీకే కనపడాలి కదా’’ అన్నాడు. ఈ వాక్యం మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పిన్ చేయించా.

డబ్బుల దగ్గర ఓనర్ మెలిక పెట్టారు. రిపేరుకి ఇస్తాను గానీ కింద పెయింటుకి ఎందుకివ్వాలి అని. నా లెక్కలో నీళ్లు ఎవరి గొట్టంలోంచి వచ్చాయో పెయింటు కూడా వాళ్లదే. నారింజ చుక్క ఫొటో, టవల్ ఫొటో రెండూ పంపితే ఒప్పుకున్నారు.

పెయింటు ఇంకా వెయ్యలేదు. తడి స్లాబ్ మీద వేస్తే నెలలో పెచ్చులూడుతుంది. ఆంటీ వాళ్ల పైకప్పుకి చిన్న పాలిథీన్ ముక్క నాలుగువైపులా టేపుతో అంటించాం. లోపల ఆవిరి చుక్కలు పట్టడం ఆగేదాకా పెయింటర్‌ని పిలవొద్దని ఆ ప్లంబరే చెప్పాడు. నిన్న పొద్దున చూస్తే ఇంకో నాలుగైదు చుక్కలున్నాయి. నేల మీద టవల్ మాత్రం తీసేశారు.