క్రికెటర్ల సాఫల్యం: కొలతలూ కొరతలూ

క్రికెట్‌లో ఎవరి క్రీడాజీవితం అందరికంటె సఫలమైనదన్న వాదం ఎంతకీ తెగకపోవడానికి ఒక కారణం ఆ ఆటకున్న లెక్కల పిచ్చి. ప్రతి బంతినీ స్కోరర్ పుస్తకంలోకి ఎక్కించే ఆట కాబట్టి వాదించే ప్రతివారి చేతిలోనూ ఒక అంకె ఉంటుంది. అంకె చేతిలో ఉన్నవాడు తాను అభిప్రాయం చెబుతున్నానని అనుకోడు, సాక్ష్యం చూపుతున్నానని అనుకుంటాడు. అయితే ఆ అంకెలు తనకు దొరికిన అవకాశంతో ఆటగాడు ఏం చేశాడో చెబుతాయే గాని, ఆ అవకాశం ఎవరికి ఎంత దొరికిందో, దాన్ని ఎవరు ఇచ్చారో, ఎవరు ఆపారో చెప్పవు. వాదం చిక్కుపడేది అక్కడే.

అందరూ మొదట ఎత్తుకునే కొలత సగటు. బ్యాటర్ చేసిన మొత్తం పరుగులను అతను ఆడిన ఇన్నింగ్స్ సంఖ్యతో కాక, అవుటైన సార్ల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన డాన్ బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 80 ఇన్నింగ్స్ ఆడి, అందులో 10 సార్లు నాటౌట్‌గా మిగిలి, 6,996 పరుగులు చేశాడు. 70తో భాగిస్తే 99.94. చివరి ఇన్నింగ్స్‌లో, 1948లో లండన్ ఓవల్ మైదానంలో, మరో 4 పరుగులు చేసి అవుటైనా సగటు సరిగ్గా 100 అయ్యేది. ఎరిక్ హోలీస్ అతన్ని సున్నాకే బౌల్డ్ చేశాడు. ఇంతవరకు పేచీ లేదు. కాని అదే 1948లో ట్రినిడాడ్‌కు చెందిన ఆండీ గాంటోమ్ వెస్టిండీస్ తరఫున ఇంగ్లండ్‌పై ఒకే ఒక్క టెస్టులో ఒకే ఒక్క ఇన్నింగ్స్ ఆడి 112 పరుగులకు అవుటయ్యాడు, ఆ తరువాత అతన్ని మళ్లీ ఏ టెస్టుకూ ఎంపిక చేయలేదు. అతని సగటు 112. కనీసం 20 ఇన్నింగ్స్ ఆడినవారినే జాబితాలో చేర్చాలన్న ఆనవాయితీ లేకపోతే బ్రాడ్‌మన్‌కు మొదటి స్థానం దక్కదు. ఆ ఆనవాయితీ సబబైనదే. కాకపోతే దానిని పెట్టింది మనుషులు, గణితం కాదు.

సగటు చాలదనేవారు సుదీర్ఘతను ముందుకు తెస్తారు. 1989 నవంబరులో కరాచీలో మొదలై 2013 నవంబరులో ముంబయి వాంఖడే స్టేడియంలో ముగిసిన సచిన్ టెండూల్కర్ క్రీడాజీవితంలో 200 టెస్టులు, 463 వన్డేలు, 100 అంతర్జాతీయ శతకాలు ఉన్నాయి. బ్రాడ్‌మన్ పక్షానికీ సచిన్ పక్షానికీ మధ్య నడిచే తగవు ఎకరా దిగుబడిని చూడాలా, గాదెలో చేరిన మొత్తం ధాన్యాన్ని చూడాలా అన్న తగవు వంటిది. రెండు పక్షాలవారూ సాగుకు ఇచ్చిన భూమి ఎంత అన్న ప్రశ్నను మాత్రం దాటవేస్తారు. దక్షిణాఫ్రికాకు చెందిన గ్రేమ్ పొలాక్ 23 టెస్టుల్లో 60.97 సగటుతో 2,256 పరుగులు చేశాక, బారీ రిచర్డ్స్ 4 టెస్టుల్లో 508 పరుగులు చేశాక, వర్ణవివక్ష విధానం కారణంగా ఆ దేశం 1970 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌కు దూరమైంది. ఆ బహిష్కరణ న్యాయమైనది, అవసరమైనది కూడా. నల్లజాతివారన్న కారణంగానే అంతకు పూర్వం జట్టు దరిదాపులకు రానివ్వని దక్షిణాఫ్రికా ఆటగాళ్లకు ఆ 4 టెస్టులు కూడా లేవు. వారి పేర్లు ఏ సగటుల జాబితాలోనూ కనిపించవు కాబట్టి వాదంలోకి రావు.

అవకాశానికీ ప్రతిభకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని చూడటానికి తెలుగువారు దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన సి.కె. నాయుడి టెస్టు గణాంకాలు 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, 25 సగటు. ఈ అంకెలను మాత్రమే చూసేవారు ఆయనను సాధారణ బ్యాటర్‌గా పక్కన పెట్టేస్తారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో, ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, అంటే ఆనాడు ఇంగ్లండ్ తరఫున విదేశీ పర్యటనలు జరిపే క్లబ్బు జట్టుపై, ఆయన, మతాలవారీగా ఏర్పడిన ఆనాటి జట్లలో ఒకటైన హిందూ జట్టు తరఫున 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. భారతదేశం టెస్టు హోదాకు తగినదన్న నమ్మకం కలిగించిన ప్రదర్శనల్లో ఆ ఇన్నింగ్స్‌ను ముఖ్యమైనదిగా చరిత్రకారులు లెక్కిస్తారు గాని, అది టెస్టు కాదు కాబట్టి ఆయన టెస్టు సగటులో ఒక్క పరుగుగానైనా చేరదు. 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారతదేశం తొలి టెస్టు ఆడినప్పుడు నాయకుడు ఆయనే, తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అత్యధికంగా 40 పరుగులు చేసినదీ ఆయనే. అప్పటికి ఆయన వయసు 36. అనేకులు ఆట చాలించే వయసులో ఆయన టెస్టు జీవితం మొదలైంది. దేశవాళీ పోటీలలో ఆయన తీర్చిదిద్దిన హోల్కర్ జట్టు 1945-46, 1952-53 సీజన్ల మధ్య రంజీ ట్రోఫీని 4 సార్లు గెలుచుకుంది. వెనుకటివారు తమ పరుగులను తాము కూడబెట్టుకోవడమే కాక, రాబోయేవారు పరుగులు కూడబెట్టుకునే చోటును కూడా కట్టి ఇవ్వవలసి వచ్చిందన్న సంగతి లెక్కల పుస్తకానికి అక్కరలేదు.

హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ విషయం మరొక రకం. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 శతకాలు, 45.97 సగటు తక్కువేమీ కావు, అయినా తన తరంలోని సచిన్, ద్రావిడ్‌ల అంకెల పక్కన చిన్నవిగానే కనిపిస్తాయి. 2001 మార్చిలో వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్‌ను 171 పరుగులకే కుప్పకూల్చి, 274 పరుగుల ఆధిక్యంతో ఫాలో ఆన్ ఆడించింది; తొలి ఇన్నింగ్స్‌లో బాగా వెనుకబడిన జట్టును వెంటనే రెండో ఇన్నింగ్స్ ఆడమనడమే ఫాలో ఆన్. లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు, ద్రావిడ్‌తో కలిసి 376 పరుగులు జోడించాడు, నాలుగో రోజంతా వారిద్దరిలో ఒక్కరూ అవుటవలేదు, చివరికి భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. సగటు లెక్కలో ఆ 281, ఫలితం ఎటూ తేలని ఏదో ఒక చప్పటి పిచ్‌పై చేసిన 281తో సమానం. 2010లో మొహాలీలో 216 లక్ష్యానికి 124 పరుగులకే 8 వికెట్లు పడినప్పుడు, వెన్నునొప్పితో రన్నర్ సాయం తీసుకుని, ఇషాంత్ శర్మను తోడు నిలుపుకొని చేసిన అజేయమైన 73 పరుగులు శతకాల పట్టికలోకి కూడా ఎక్కవు. అటువంటి ఆటగాడు ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2003 జట్టు ఎంపికలో సెలక్టర్లు అతన్ని పక్కన పెట్టారు, ఆ నిర్ణయానికి సరైన సమర్థన ఇప్పటికీ దొరకదు.

ట్రోఫీలను లెక్కపెట్టడమే న్యాయమనేవారికి గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు చిక్కు తెచ్చిపెడతాడు. ఐపీఎల్‌లో ముంబయి తరఫున 3 సార్లు, చెన్నై తరఫున 3 సార్లు విజేత జట్టులో ఉన్న అతను ఆ లెక్కన రోహిత్ శర్మతో సమానుడు. కాని ఒక్క టెస్టు ఆడలేదు.

దొరికిన అవకాశమెంతో అంకెలు చెప్పలేకపోవడమన్న ఈ కొరత అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది మిథాలీ రాజ్ విషయంలో. 1999 నుంచి 2022 వరకు సాగిన క్రీడాజీవితంలో ఆమె 232 వన్డేల్లో 50.68 సగటుతో 7,805 పరుగులు చేసింది. 19 ఏళ్ల వయసులో, 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్‌పై చేసిన 214 పరుగులు మహిళల టెస్టుల్లో అప్పటికి ప్రపంచ రికార్డు. అంతటి బ్యాటర్ 23 ఏళ్లలో ఆడిన టెస్టులు 12. ఇంచుమించు అంతే కాలంలో సచిన్‌కు 200 దక్కాయి. 2006 తరువాత 2014 వరకు భారత మహిళల జట్టుకు ఒక్క టెస్టు కూడా లేదు, ఆ తరువాత మళ్లీ 2021 దాకా లేదు; అంటే బ్యాటర్‌కు పంట చేతికొచ్చే వయసు మొత్తం టెస్టుల పరంగా బీడుగా పోయింది. ఆమె సారథ్యంలో భారత్ 2005లోనూ 2017లోనూ ప్రపంచకప్ ఫైనల్ చేరి ఓడింది. రెండోసారి తేడా 9 పరుగులే. ఆమె అంకెలను పురుషుల అంకెలతో పోల్చకూడదని పెద్దమనుషుల్లా తీర్పు చెప్పేవారు, ఆ 12 అన్న అంకె ఎవరి నిర్వాకమో అడగకుండా ఉండటం విచిత్రం.

ఒక్క టెస్టు అయినా దక్కనివారి సంగతి వేరే చెప్పాలి. ప్రధానంగా హర్యానాకు ఆడిన ఎడమచేతి స్పిన్నర్ రాజిందర్ గోయెల్ ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో, అంటే టెస్టులతో పాటు ఉన్నత స్థాయి దేశవాళీ పోటీలన్నీ చేరిన విభాగంలో, 750 వికెట్లు తీశాడు. అందులో రంజీ ట్రోఫీలోనే 637, ఇప్పటికీ ఎవరూ దాటనివి. అదే కాలంలో అదే పద్ధతిలో బౌలింగ్ చేసే బిషన్ సింగ్ బేడీ జట్టులో పాతుకుపోయి ఉన్నాడు. 1974లో వెస్టిండీస్‌తో బెంగళూరు టెస్టుకు బేడీని తప్పించినప్పుడు గోయెల్‌ను పిలిపించారు, కాని తుది 11 మందిలోకి తీసుకోలేదు. ముంబయి స్పిన్నర్ పద్మాకర్ శివాల్కర్‌దీ ఇదే కథ; 589 ఫస్ట్ క్లాస్ వికెట్లు, సున్నా టెస్టులు. క్రికెట్ బోర్డు 2017లో ఈ ఇద్దరికీ జీవనసాఫల్య పురస్కారం అందజేసింది. ఆ పురస్కారం 7 టెస్టుల్లో 350 పరుగులు చేసిన సి.కె. నాయుడి పేరు మీద ఉంది.