చేతికి చేరని కబురు

ఆదివారం ఉదయం ఏడు గంటలు. సికింద్రాబాద్‌లోని ఆ ఫ్లాట్‌లో కాఫీ గ్లాసు పక్కన గేమ్ కంట్రోలర్ సిద్ధంగా ఉంటుంది. వేసవిలో అయితే డాలస్‌లో అప్పటికి శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ కొడుకు, ఇక్కడ తండ్రి. ఇద్దరి ముందూ టీవీ తెర మీద పచ్చటి గోల్ఫ్ మైదానం.

తండ్రికి 63 ఏళ్లు. బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి మేనేజరుగా రిటైరయ్యారు. నిజమైన గోల్ఫ్ కర్రను ఏనాడూ పట్టుకున్న మనిషి కాదు. చుట్టాలకు గోల్కొండ కోట చూపించడానికి వెళ్లినప్పుడు నయాఖిలాలోని గోల్ఫ్ కోర్సును దూరం నుంచి చూడటమే ఆ ఆటతో ఆయనకున్న పరిచయం. ‘అదంతా కలెక్టర్లూ కాంట్రాక్టర్లూ ఆడుకునేది’ అని తేల్చేసేవారు.

ఆ అభిప్రాయం 2020లో మారింది. అంతకు ముందు డిసెంబరులో సెలవుకు వచ్చిన కొడుకు తన పాత కన్సోల్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లాడు. మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. వీడియో కాల్‌లో ‘తిన్నారా, మందులు వేసుకున్నారా’ అన్న ప్రశ్నలు అయ్యాక తండ్రీ కొడుకుల మధ్య మాటలు మిగిలేవి కావు. ఫోను తల్లి చేతిలోకి వెళ్లిపోయేది. ఒకరోజు కొడుకే, “నాన్నా, ఇద్దరం ఏదైనా గేమ్ ఆడదామా?” అని అడిగాడు. కారు రేసు పెడితే ఆయనకు కళ్లు తిరిగాయి. తుపాకుల ఆట వద్దన్నారు. గోల్ఫ్ మాత్రం నచ్చింది. తొందర లేని ఆట. ఒక షాట్‌కూ మరో షాట్‌కూ మధ్య కావలసినంత వ్యవధి. ఆ వ్యవధిలోనే ఇంటి అద్దె, వీసా గొడవలు, ఆఫీసు రాజకీయాలు, ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న పెళ్లి మాట, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఏనాడూ మాట్లాడుకోనివి, తెర వైపు చూస్తూ మాట్లాడుకున్నారు.

బంతిని దూరంగా కొట్టడం ఆయనకు త్వరగానే వచ్చింది. కష్టమంతా చివర్లోనే. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. దాని మీద బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించే దెబ్బ పట్. 300 గజాల షాట్‌కూ ఒక లెక్కే, మూడడుగుల పట్‌కూ ఒక లెక్కే. గోల్ఫ్‌లో గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి వ్యాసం 43 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. చూడటానికి బోలెడంత చోటున్నట్టు అనిపిస్తుంది. కానీ బంతి వేగంగా వస్తే గుంట అంచును తాకి బయటికి గెంతుతుంది. మరీ నెమ్మదిగా వస్తే వాలుకు పక్కకు జారిపోతుంది. ఒకప్పుడు నాసాలో పనిచేసి తర్వాత గోల్ఫ్ శిక్షకుడిగా పేరు తెచ్చుకున్న డేవ్ పెల్జ్ చెప్పిన కొలత ప్రసిద్ధం: ఒకవేళ గుంట తప్పినా దాన్ని దాటి సుమారు 17 అంగుళాల దూరంలో ఆగేంత వేగమే సరైన వేగం.

ఆ వేగం తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఒక దగ్గరి దారి ఉండేది. బొటనవేలితో కంట్రోలర్ మీది చిన్న పుల్లను వెనక్కి లాగితే తెర మీద కర్ర వెనక్కి వెళ్తుంది. కావలసిన దూరానికి సరిపడా వెళ్లగానే కంట్రోలర్ అరచేతిలో ‘జుర్ర్’మంటుంది. అప్పుడు ముందుకు తోయాలి. అంతే. ఆయన తెరను పెద్దగా చూసేవారు కూడా కాదు. చెయ్యి చెప్పేది, వేలు చేసేది. పదడుగుల లోపు పట్‌లలో కొడుకును తరచూ ఓడించేవారు.

ఆ జుర్రుమనడం వెనక మంత్రమేమీ లేదు. కంట్రోలర్ పిడిలో చిన్న మోటారు, దాని ఇరుసుకు ఒక పక్కకు ఒరిగిన బరువు. తిరిగేటప్పుడు బరువు సమంగా లేక మొత్తం వణుకుతుంది. మొబైల్ ఫోన్లలో చాలాకాలం వాడిందీ ఈ కిటుకే. 1997లో నింటెండో 64 కంట్రోలర్‌కు తగిలించుకునే రంబుల్ ప్యాక్‌తో ఇది ఇళ్లలోకి వచ్చింది. అదే ఏడాది సోనీ రెండు మోటార్లున్న డ్యూయల్‌షాక్‌ను తెచ్చింది. 2006లో ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడు మాత్రం దాని కంట్రోలర్‌లో కంపనం లేదు. ఇమ్మర్షన్ అనే కంపెనీతో పేటెంట్ వివాదం నడుస్తున్న రోజులవి. 2007లో రాజీ కుదిరాక, ఆ ఏడాది నవంబరులో జపాన్‌లో డ్యూయల్‌షాక్ 3తో కంపనం తిరిగి వచ్చింది. అంటే చేతికి అలవాటైన కబురు ఉన్నట్టుండి ఆగిపోతే ఎలా ఉంటుందో ఆట ప్రపంచం ఒకసారి చవిచూసిందే.

ఆయనకు మాత్రం ఉన్నట్టుండి ఆగలేదు. మెల్లమెల్లగా సన్నగిల్లింది.

2022 వర్షాకాలంలో పట్‌లు తప్పడం మొదలైంది. ఒకసారి గుంటకు అడుగు ముందే ఆగేది, మరోసారి నాలుగడుగులు దాటిపోయేది. కొడుకు నవ్వుతూ, “ఏంటి నాన్నా, కావాలని వదిలేస్తున్నావా?” అన్నాడు. ఆయన కంట్రోలర్‌ను తిట్టుకున్నారు. వణుకు సరిగ్గా రావడం లేదని, మోటారు పోయిందని నిర్ధారణకు వచ్చి, పార్క్‌లేన్‌లోని ఒక రిపేరు దుకాణానికి పట్టుకెళ్లారు. అక్కడి కుర్రాడు దాన్ని కంప్యూటర్‌కు తగిలించి బల్ల మీద పెట్టాడు. కంట్రోలర్ బల్ల మీద గిలగిల కొట్టుకుంది. పక్కనున్న స్క్రూలు కూడా కదిలాయి.

“మోటార్ మంచిగనే ఉంది అంకుల్. పట్టుకొని చూడండి.”

ఆయన పట్టుకున్నారు. ఎడమ అరచేతిలో వణుకు స్పష్టంగా ఉంది. కుడి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు దగ్గరికి వచ్చేసరికి దుప్పటి అవతలి నుంచి ఎవరో తడుతున్నట్టుంది. కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. ఆయన మాత్రం ఆ రోజు ఇంటికి ఏదో పోగొట్టుకున్నట్టు వచ్చారు.

భార్యతో చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. “నాలుగు నెలలుగా మీ కాలి చెప్పు జారిపోయినా మీకు తెలియడం లేదు. రెండుసార్లు నేనే వెనక్కి వెళ్లి తెచ్చాను. అంటే కోప్పడతారని ఊరుకున్నాను” అన్నారు.

ఆయనకు మధుమేహం వచ్చి అప్పటికి 19 ఏళ్లు. ‘కంట్రోల్లోనే ఉంది’ అనేది ఆయన మాట. ఆఖరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారంటే జవాబు లేదు. డాక్టరు తీసిన పరికరం చూసి ఆయనకు హైస్కూల్ భౌతికశాస్త్రం క్లాసు గుర్తొచ్చింది. శ్రుతిదండం. సెకనుకు 128 సార్లు కంపించేది. డాక్టరు దాన్ని తట్టి, ఆయన్ను కళ్లు మూసుకోమని, కాలి బొటనవేలి ఎముక మీద ఆనించారు.

“తెలుస్తోందా అండీ?”

“ఏదో చల్లగా తగిలింది. అంతే.”

కళ్లు తెరిచి చూస్తే శ్రుతిదండం ఇంకా వణుకుతూనే ఉంది. తన కాలి మీదే వణుకుతోంది. తనకు తెలియడం లేదు. ఆయన భయపడింది ఆ క్షణంలో.

మధుమేహం ఏళ్ల తరబడి నరాలను దెబ్బతీస్తుంది. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి ఆ ఛాయలు పాదాల్లో మొదట కనిపిస్తాయి. కంపనాన్ని గుర్తించే శక్తి తగ్గడం తొలి గుర్తుల్లో ఒకటి. అందుకే అంత చిన్న పరికరానికి అంత ప్రాధాన్యం. ఇక చేతి సంగతి వేరు. మణికట్టు దగ్గర సన్నటి సొరంగం లాంటి దారిలో నరం నొక్కుకుపోవడం. కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. మధుమేహులలో ఇది ఎక్కువ. నరాల పరీక్షలో రెండూ ఖాయమయ్యాయి. రాత్రిళ్లు మణికట్టుకు పట్టీ, చక్కెర మీద గట్టి అదుపు, రోజూ పాదాల పరిశీలన, ఇంట్లో సైతం చెప్పులు. ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదానికి చిన్న పుండే పెద్ద ప్రమాదమని డాక్టరు చెప్పారు. కొడుకు వచ్చినప్పుడు అలిపిరి మెట్లు ఎక్కుతానని ఆయన మొక్కుకున్నారు. 3,550 మెట్లు, వట్టి కాళ్లతో. ఆ మాట ఎత్తగానే డాక్టరు అడ్డంగా తల ఊపారు.

ఈ విషయాలేవీ కొడుక్కి చెప్పొద్దని ఆయన భార్య దగ్గర మాట తీసుకున్నారు. అంత దూరంలో ఉన్నవాడు కంగారు పడటం తప్ప ఏం చేయగలడన్నది ఆయన వాదన. కానీ ఆదివారం వస్తుంది. ఆట ఆడాలి. పట్‌లు తప్పితే వాడు అడుగుతాడు. కాబట్టి వణుకు లేకుండా పట్ చేయడం నేర్చుకోవాలి.

మొదట చేసిన పని, సెట్టింగుల్లోకి వెళ్లి వైబ్రేషన్‌ను పూర్తిగా ఆపేయడం. ఒకసారి తెలిసి ఒకసారి తెలియని సంకేతం ఆయన్ను ఎక్కువ తికమక పెట్టేది. వస్తుందేమోనని ఎదురుచూస్తూ వేలు ఆగిపోయేది. అసలు రాదని ఖాయమయ్యాక ఆ ఎదురుచూపు పోయింది.

రెండో పని, ఒక పాత డైరీ తీయడం. బ్యాంకు మనిషి కదా. దూరం, వాలు, కర్ర ఎంత వెనక్కి వెళ్లింది, బంతి ఎక్కడ ఆగింది, నాలుగు గడులు గీశారు. రోజూ మధ్యాహ్నం భార్య కునుకు తీసే వేళ పదడుగుల నుంచి ముప్పై పట్‌లు. తొలి వారం ముప్పైలో ఆరు పడ్డాయి. చేతిని నమ్మడం మానేసి కంటిని నమ్మాల్సి వచ్చింది. తెర మీది ఆటగాడి కుడి బూటును గుర్తుగా పెట్టుకున్నారు. కర్ర తల బూటు మధ్యకు వస్తే ఆరడుగులు, బూటు చివరికి వస్తే పదడుగులు, బెత్తెడు దాటితే పదిహేను. గుంట ఒక అంగుళం ఎత్తులో ఉంటే ఒక అడుగు కలుపుకోవాలి, పల్లంలో ఉంటే తీసేయాలి. కొన్ని గ్రీన్‌ల మీద ఆ లెక్కా తప్పేది. గడ్డి వేగం మారితే అన్నీ మారతాయని డైరీయే చెప్పింది. నిజమైన మైదానాల్లో ఆ వేగం కొలవడానికి వాడే స్టింప్‌మీటర్‌ను ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో తయారుచేశారు. గాడి ఉన్న ఒక పట్టీ మీంచి బంతిని వదిలి, ఎన్ని అడుగులు దొర్లిందో చూడటమే. ఆయన కూడా ప్రతి ఆటకు ముందు చదునైన చోట ఒక బంతిని వదిలి చూసుకోవడం అలవాటు చేసుకున్నారు.

చివరగా లయ. వెనక్కి లాగుతూ మనసులో ‘ఒకటి, రెండు’, ముందుకు తోస్తూ ‘మూడు’. అంకె మారకుండా ఉంటే దెబ్బ మారేది కాదు. కర్ర బంతిని తాకే శబ్దంలోనే అది చేరుతుందో లేదో తెలియడం మొదలైంది. ఇన్నాళ్లూ ఆ శబ్దం ఉందనే ఆయన గమనించలేదు.

ఇందులో వింతేమీ లేదు. సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు 1984లోనే దీని గురించి రాశారు. అభ్యాసంలో ప్రతిసారీ బయటి నుంచి సూచన అందుతుంటే అప్పటికప్పుడు బాగా చేస్తాం, కానీ ఆ సూచన మీదే ఆధారపడిపోతాం. అది తీసేయగానే నేర్చుకున్నది నిలవదు. ఆయన రెండేళ్లు ఆడింది గోల్ఫ్ అనుకున్నారు. నిజానికి ఆడింది మోటారు.

రెండో నెలాఖరుకు ముప్పైలో పదిహేడు పడుతున్నాయి. ముప్పై అడుగులు దాటితే మాత్రం ఇప్పటికీ అదృష్టమే.

దాచిన సంగతి ఒక ఆదివారం బయటపడింది. పన్నెండో గుంట దగ్గర ఆయన పదకొండడుగుల పట్ వేశారు. కొడుకు మెచ్చుకుంటూ, “కొత్త కంట్రోలరా నాన్నా? వణుకు బాగా తెలుస్తోందా?” అని అడిగాడు.

“ఆపేశాను రా.”

“ఆపేశావా? ఎందుకు?”

మామూలుగా అయితే ఆయన ఏదో ఒకటి చెప్పి దాటేసేవారు. ఆ రోజు తెర మీద కొడుకు ఆటగాడు కర్ర పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. షాట్ కొట్టడం లేదు. జవాబు వచ్చేదాకా కొట్టేలా లేడు. ఆయన చెప్పారు. రిపేరు దుకాణం, శ్రుతిదండం, జారిన చెప్పు, అలిపిరి మెట్లు, అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత కొడుకు అడిగింది ఒక్కటే. “అమ్మ రోజూ చూస్తోందా, పాదాలు?”

చూస్తున్నారు. రాత్రి భోజనాలయ్యాక టార్చి వేసి, వేళ్ల సందులు, మడమలు, అడుగుభాగం. గీత కనబడినా డైరీలో రాస్తారు. గోల్ఫ్ లెక్కలు రాసిన డైరీయే, వెనక పేజీల నుంచి.

ఆ తర్వాతి ఆదివారం కొడుకు పట్‌లు వరసగా తప్పాయి. నాలుగడుగులది కూడా పోయింది. “ఏమైంది రా?” అని ఆయన అడిగితే, “నేనూ ఆపేశా నాన్నా” అన్నాడు.

“బూటు చూడు,” అన్నారు తండ్రి. “కర్ర తల బూటు మధ్యకు రానీ. ఒకటి, రెండు... ఇప్పుడు.”