నీలం బంక

రైఫిల్ మీద స్కోప్ బిగించేటప్పుడు స్క్రూలకి బంక పెట్టాలా వద్దా అన్నది అమెరికా వేటగాళ్ళ మధ్య తెగని తగాదా. మన దగ్గర ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్నట్టు, ఇంటికో శాస్త్రం. ఎవరి నాన్న ఎలా చేశాడో వాళ్ళకదే వేదం.

నాకు తుపాకి లేదు. కొనే ఉద్దేశమూ లేదు. పెన్సిల్వేనియాలో మా పక్కింటి పెద్దాయనకి ఉంది. రెమింగ్టన్ 700, వాళ్ళ తమ్ముడిది. తమ్ముడు పోయాక ఈయన దగ్గరికొచ్చింది. చూపు తగ్గుతోందని కొత్త స్కోప్ కొనుక్కుని, పాతది తీయడానికి స్క్రూలు ఊడి రావట్లేదంటూ ఒక ఆదివారం నన్ను పిలిచాడు. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఆ డిగ్రీ ఉందని తెలిసి అది ఎందుకైనా పనికొస్తుందని నమ్మిన మనిషి ఈయనొక్కడే.

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో తుపాకి అనగానే గుర్తొచ్చేవి వార్తలు. గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో పార్ట్ టైమ్ చేసుకుంటూ దోపిడీల్లో పోయిన పిల్లల వార్తలు. ఆ వారం అమ్మ ఫోన్ చేస్తే పక్కింటాయనకి ఏదో మరమ్మతులో సాయం చేస్తున్నానని మాత్రం చెప్పాను. ఆయన మాత్రం నన్ను కూర్చోబెట్టక ముందే బోల్ట్ తెరిచి, లోపల తూటా లేదని తను చూసి, నన్నూ చూడమన్నాడు. రెండోసారి వేలు పెట్టి మరీ చూడమన్నాడు.

స్కోప్ నేరుగా తుపాకికి అతుక్కుని ఉండదు. తుపాకి ఒంటికి ముందు ఒక బేస్ బిగిస్తారు, నాలుగు చిన్న స్క్రూలతో. దాని మీద రెండు రింగులు. ఒక్కో రింగు రెండు ముక్కలుగా ఉండి స్కోప్ గొట్టాన్ని పట్టుకుంటుంది. బేస్ స్క్రూ వ్యాసం 3.5 మిల్లీమీటర్లు ఉంటుందంతే. తుపాకి పేలినప్పుడు వెనక్కి తంతుంది. స్కోప్ జడత్వం వల్ల ఉన్నచోటే ఉంటానంటుంది. ఆ గుంజులాటంతా ఈ స్క్రూల మీదే.

రెండు రింగుల మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఒకవైపు 0.025 మిల్లీమీటర్లు, అంటే కాగితం మందంలో పావు వంతు, పక్కకి జరిగింది. 100 మీటర్ల దూరంలో గుండు రెండున్నర సెంటీమీటర్లు తప్పుతుంది, 200 మీటర్లలో అయిదు. జింక ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్ల మేర. అయిదు తప్పినా తగులుతుంది. కానీ వదులైన స్క్రూ అయిదు దగ్గర ఆగదు కదా.

ఆయనకి అదే అయింది. కిందటేడు కొట్టిన జింక పడలేదు. నెత్తుటి చారికలు పట్టుకుని చీకటి పడేదాకా వెతికాడట. దొరకలేదు. చెయ్యి వణికిందేమో అనుకుంటూ ఏడాదంతా గడిపాడు. ఆ మాట చెబుతున్నప్పుడు తుపాకి వైపు కాకుండా కిటికీ వైపు చూశాడు.

బేస్ నాలుగు స్క్రూల్లో మూడు కదలనే లేదు. నాలుగోది వేలితో తిప్పితే తిరిగింది. మరచుట్ల మీద ఎర్ర బంక పెచ్చులు, వాటి కింద నూనె జిడ్డు. తమ్ముడు అన్నిటికీ ఎర్రదే పూశాడు, ఒకదాన్ని తుడవలేదు. జిడ్డు మీద ఈ బంక సరిగా పట్టదు. మిగతా మూడింటికీ సోల్డరింగ్ ఐరన్ ముక్కు ఆనించి ఒక్కోదాన్నీ వేడెక్కించాల్సి వచ్చింది. ఎర్రది మెత్తబడాలంటే 250 డిగ్రీల దాకా పోవాలి. బ్లూయింగ్ పాడవుతుందేమోనని ఆయనకి ఒకటే కంగారు. పాడవలేదు. మూడోది ఊడి వచ్చాక, "మావాడు ఏ పని చేసినా గట్టిగా చేసేవాడు" అని నవ్వాడు.

ఈ బంక కథ నాకు భలే ఇష్టం. 1953లో, కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ రసాయన శాస్త్రం ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ తయారుచేశాడు. అదే తర్వాత లాక్‌టైట్ అయింది. మామూలు జిగురు గాలి తగిలి ఆరుతుంది. ఇది గాలి తగలకపోతే గట్టిపడుతుంది, పక్కన లోహం ఉండాలి. అందుకే సీసా సగమే నింపి అమ్ముతారు. మోసం కాదు, ఆ గాలే దాన్ని ద్రవంగా ఉంచుతుంది.

అయితే స్క్రూని పట్టి ఉంచేది బంక కాదు, సాగడం. బిగించినప్పుడు స్క్రూ స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది, మళ్ళీ ముడుచుకోవాలని చూస్తూ రెండు ముక్కల్నీ నొక్కిపడుతుంది. మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే ఆ సాగడానికి చేరుతుంది, మిగతాది రాపిడికి పోతుంది. గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో చూపించిందేమిటంటే, స్క్రూ పొడవు వెంట కుదిపితే అది అంత తొందరగా వదులవ్వదు. అడ్డంగా కుదిపితే తనంతట తనే తిరిగి ఊడిపోతుంది. స్కోప్ స్క్రూలు నిలువు, తుపాకి తన్నేది అడ్డం. ఆయన పరీక్ష యంత్రం చేసిన పనే ప్రతి పేలుడూ చేస్తుంది.

కాబట్టి బేస్‌కి బంక పెట్టాలి. నా తీర్పు అదే. ఎర్రది మాత్రం వద్దు. బండి చక్రానికి కడసీల పెడతాం, ఇరుసుకి వెల్డింగు చెయ్యం. కంపెనీ లెక్కలో ఇంత చిన్న స్క్రూకి ఊదా రంగుది చాలు. తుపాకుల వాళ్ళు నీలమే వాడతారు, మామూలు పనిముట్లతోనే ఊడి వస్తుంది గనక అభ్యంతరం లేదు. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడవాలి. ఒక్క చుక్క, అంతే. కొన్ని రంధ్రాలు లోపల బోల్ట్ తిరిగే చోటికి తెరుచుకుని ఉంటాయి. ఎక్కువైతే కారి అక్కడ గట్టిపడుతుంది.

రింగుల స్క్రూలకి మాత్రం పెట్టనివ్వలేదు. ఇక్కడ ఆయనకీ నాకూ ఒక అరగంట వాదన. తడిగా ఉన్న బంక నూనెలా పనిచేస్తుంది, రాపిడి తగ్గిస్తుంది. అదే టార్కుకి స్క్రూ ఇంకా ఎక్కువ సాగుతుంది, రింగు ఇంకా గట్టిగా నొక్కుతుంది. గొట్టం పల్చటి అల్యూమినియం, సొట్ట పడుతుంది. కొన్ని స్కోప్ కంపెనీలు అందుకే రింగులకి వద్దంటాయి. మా స్కోప్‌తో వచ్చిన కాగితంలోనూ అదే ఉంది, 15 నుంచి 18 అంగుళ పౌండ్లు, పొడిగా. అంటే సుమారు 2 న్యూటన్ మీటర్లు. వేళ్ళతో పొట్టి రెంచి పట్టుకుని ఓ మాదిరిగా తిప్పినంత. టార్క్ రెంచి క్లిక్కుమనగానే ఆయన, "ఇంతేనా?" అన్నాడు. నమ్మకం కుదరలేదు, మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ క్లిక్కుమంది.

నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. మన సమీక్షల్లో "కథనం బిగువుగా ఉంది" అన్నది పెద్ద మెచ్చుకోలు. ఎంత బిగువు, దేనికి బిగువు అని ఎవరూ అడగరు. బిగిస్తూ పోయి కథకి సొట్టలు పడ్డ పుస్తకాలు రెండు మూడు నా అల్మరాలో ఉన్నాయి. పేర్లు ఎందుకులెండి.

బంక పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు. ఆయన ఆ రోజే గురి సరిచూసుకోవాలన్నాడు. ఆగమన్నాను. ఆగాడు, కానీ సోమవారం పొద్దున్నే రేంజ్‌కి బయల్దేరిన కారు చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది.

బేస్ స్క్రూల తల మీద నుంచి పక్క లోహం మీదకి తెల్ల పెయింటుతో సన్నటి గీతలు గీశాం. స్క్రూ తిరిగితే గీత విరుగుతుంది, కంటికి తెలుస్తుంది. ఇరవై గుళ్ళు కాల్చి వచ్చాక భూతద్దం పెట్టి చూశాం. నాలుగు గీతలూ తిన్నగానే ఉన్నాయి. పెట్టె మూతలో ఒక అట్టముక్క అంటించి, ఏ స్క్రూకి ఏ రంగు, ఎంత టార్కు, ఏ తేదీ అని పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఇక్కడ రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. ఇంకా మూడు వారాలుంది. వేటకి నన్నూ రమ్మన్నాడు. రానన్నాను. సరేనని, అసిటోన్ సీసా మూత సరిగా పెట్టలేదని చూపించాడు.