ఐదు నిమిషాల బాపు

2019లో ఒక శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో, ఒక కెఫే మేడ మీద, మైకు ముందు నిలబడి మా బాపు కథ చెప్పాను. ఐదు నిమిషాలు. కాగితం చూడొద్దు, కల్పించొద్దు, నిజంగా జరిగిందే చెప్పాలి. 1997లో న్యూయార్క్‌లో ‘ది మాత్’ అనే పేరుతో మొదలైన పద్ధతి ఇది. మామూలు మనుషులు వేదికెక్కి తమకు జరిగింది తమ నోటితో చెప్పడం. పాడ్‌కాస్టుల మీదుగా మా గచ్చిబౌలి దాకా వచ్చింది. ఆ సారి అంశం ‘బతికి బయటపడ్డం’. ఇంజినీరింగ్ చదివి, క్యాంపస్‌లో ఉద్యోగం తెచ్చుకుని, ఏసీ గదిలో కోడ్ రాసుకునే నాకు ఏం ఆపద వచ్చిందని చెప్పను? మా ఇంట్లో అలాంటి కథ ఒక్కటే ఉంది. అది బాపుది. తీసుకున్నాను.

నేను చెప్పింది ఇది. జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి 2006లో బాపు సౌదీ పోయాడు. ఏజెంటు తోటపని అని చెప్పాడు. రియాద్‌లో దిగాక కఫీల్ వచ్చి, పాస్‌పోర్టు తీసుకుని, పికప్ బండిలో ఎక్కించుకుపోయి ఎడారిలో గొర్ల దగ్గర దింపాడు. పద్నాలుగు నెలలు అక్కడే. మొదటి నాలుగు నెలలు జీతం వచ్చింది, తర్వాత బంద్. ఇక్కడ అప్పు మీద మిత్తి పెరుగుతోంది. ఒక రాత్రి బాపు లేచి నడవడం మొదలుపెట్టాడు. ఒంటరిగా, మూడు పగళ్లు, మూడు రాత్రులు. చివరికి రోడ్డు కనిపించింది. ఆ తర్వాత ఐదారేళ్లు కాగితాల్లేకుండా, మా వైపు గల్ఫ్ వాళ్ల మాటలో చెప్పాలంటే ‘ఖల్లివెల్లి’గా, దొరికిన పనల్లా చేసి పైసలు పంపాడు. 2013లో సౌదీ ప్రభుత్వం, కాగితాల్లేని వాళ్లు గడువు లోపల సరిచేసుకోవచ్చు, లేదా జైలు లేకుండా వెళ్లిపోవచ్చు అన్నప్పుడు ఔట్‌పాస్ మీద ఇంటికొచ్చాడు. ఆయన పంపిన పైసలతోనే నేను చదువుకున్నాను, ఇదిగో ఇక్కడ నిలబడ్డాను.

మూడు రోజులన్నది అబద్ధం. ఒక్క రాత్రి, మర్నాడు ఎండ ఎక్కేదాకా. అది నాకు తెలుసు. మైకు ముందు నోరు జారిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ అదీ నిజం కాదు. రెండు రోజుల ముందు గదిలో సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తుంటే ‘ఒక్క రాత్రి’ అనేది తేలిపోయినట్టు అనిపించింది. అంతే, పెంచాను.

చప్పట్లు బాగానే కొట్టారు. ఒకమ్మాయి దగ్గరకొచ్చి, కళ్లు తుడుచుకుంటూ, “మీ నాన్నగారి రెసిలియెన్స్...” అని ఆగిపోయింది. ఆ మాటకు తెలుగేమిటా అని ఇంటికి పోతూ ఆలోచించాను. నిఘంటువులో ఏదో ఉంటుంది. మా ఊళ్లో మాత్రం ‘ఎల్లదీసుడు’ అంటారు. ఎట్లున్నరు అంటే, ఎల్లదీస్తున్నం అంటారు. కరువు నెల దాటినా అదే మాట, కొడుకు పోయిన ఏడాది దాటినా అదే మాట. అందులో గెలుపు లేదు.

ఆ వీడియో ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. అక్కణ్నుంచి మా చిన్నాయిన కొడుక్కి, వాడి నుంచి బాపు వాట్సాప్‌కి చేరింది. ఫోన్ చేశాడు. నా గుండె ఆగినంత పనైంది. “చూసిన. మంచిగనే మాట్లాడినవ్. అంగీ మంచిగున్నది” అన్నాడు. మూడు రోజుల ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా దిక్కు ఒక మాటుంది: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో (2016లో ముక్కలై కొత్త జిల్లాలయ్యాయి గానీ మాకు ఇంకా నోటికి పాత పేర్లే వస్తాయి) వాన నమ్ముకున్న ఎవుసం ఎండిపోతే మగవాడు పోయేది ఈ మూడు చోట్లకే. సిరిసిల్ల వైపు నేతపనివాళ్లు బొంబాయి పక్కన భీవండికి మగ్గాల మీదికి పోయారు. గోదావరికి ఈ ఒడ్డున గోదావరిఖని వాళ్లు, ఆ ఒడ్డున మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వాళ్లు బాయిలకు దిగారు. జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లకు గల్ఫ్. కాబట్టి మా చుట్టాల్లో ఎవరిని కదిలించినా చావు తప్పించుకున్న కథ ఒకటుంటుంది. కానీ వాళ్లు దాన్ని కథలా చెప్పరు. చిన్నప్పట్నుంచీ వింటున్నా నాకు ఈ సంగతి ఆలస్యంగా తట్టింది.

మా చిన్నమామ బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఎప్పుడైనా ఒక గ్లాసు పడితే బాయి ముచ్చట చెప్తాడు. అందులో ‘నేను’ ఉండదు, ‘మేము’ ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు కట్టెతో పైకప్పును కొట్టి వినేవాళ్లట. గట్టిగా మోగితే బండ పట్టుకుని ఉన్నట్టు, డొల్లగా మోగితే పొర వదిలినట్టు. కప్పుకు ఆసరాగా నిలబెట్టిన కర్ర మొద్దులు విరిగే ముందు చిటపటమంటాయి, ఆ చప్పుడు విని పక్కకు ఉరికిన వాళ్లున్నారు. “ఇనుం జెప్పది, కట్టె చెప్తది” అంటాడు. చెప్పిన కట్టె గురించి, విన్నవాడి గురించి, “ఉరుకుండ్రి” అని కేకేసినవాడి గురించి చెప్తాడు. తను ఎట్ల ఉరికాడో ఒక్కసారి కూడా చెప్పలేదు.

బయటివాళ్లకు కావలసింది అది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయినప్పుడు నేను చిన్న పిల్లాణ్ని. మా వీధిలో ఆ రోజు టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదని గుర్తు. 2022 మార్చి 7న రామగుండం దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలింది. ముగ్గురు చనిపోయారు. మర్నాడు ఒక బదిలీ కార్మికుణ్ని ప్రాణాలతో బయటికి తీశారు. ఇలాంటప్పుడు మన పేపర్లకు ఒక మాట అచ్చు కూర్చి సిద్ధంగా ఉంటుంది: మృత్యుంజయుడు. ఆ మాటతో మట్టి తోడినవాళ్లు ఫొటో ఫ్రేములోంచి బయటికి పోతారు. 2024 ఫిబ్రవరిలో సిరిసిల్ల ప్రాంతం వాళ్లు దుబాయి జైల్లో దాదాపు 18 ఏళ్లుండి ఇంటికొచ్చారు. ఒక నేపాలీ కాపలాదారు హత్యకేసులో వాళ్లకు శిక్ష పడింది. చనిపోయినతని కుటుంబానికి పరిహారం ఇచ్చి క్షమాపణ కాగితం తెచ్చాక కూడా బయటికి రావడానికి ఏళ్లు పట్టింది. ఆ వార్త చదువుతూ, ఎక్కడో నేపాల్‌లో ఒక ఇంట్లో ఆ కాగితం మీద చేసిన సంతకం గురించి ఆలోచించాను. మా జిల్లా వాళ్ల విడుదల కథలో సగం ఆ ఇంట్లోనే ఉంది.

అదే ఏడాది మార్చి చివర్లో ‘ఆడు జీవితం’ సినిమా వచ్చింది. బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవలను నేను ఇంగ్లీషులో ముందే చదివున్నాను. నజీబ్ అనేవాడు సౌదీ ఎడారిలో మేకల దగ్గర చిక్కుకుని తప్పించుకోవడం కథ. బాపును తీసుకుపోవాలా వద్దా అని వారం రోజులు తన్నుకున్నాను. చివరికి కరీంనగర్ తీసుకుపోయాను. నా ఊహలో ఆయన చీకట్లో ఏడుస్తాడు, నేను చెయ్యి పట్టుకుంటాను. ఆయన ఇంటర్వెల్‌లో సమోసా తిన్నాడు. నడక మొదలయ్యాక కాసేపు కునుకు కూడా తీశాడు. నాకు కొంచెం కోపమొచ్చింది, నిజం చెప్పొద్దూ.

తిరిగొస్తూ కొండగట్టు దగ్గర చాయ్‌కి ఆగాం. రెండు గుక్కలు తాగి అడిగాడు:

“ఆ తోవ చూపిన ఆయిన ఎటు పోయిండు?”

ఇబ్రహీం ఖాదిరి గురించి. సినిమాలో నజీబ్‌ను ఎడారి దాటించే ఆఫ్రికా మనిషి. చివరికి మాయమైపోతాడు. దేవుడు పంపినవాడిలా వచ్చి, పని అయ్యాక కనిపించడు. నవల చదివినప్పుడు అది నాకు గొప్ప ఎత్తుగడ అనిపించింది, ఒక చోట రాశాను కూడా.

“ఏమో బాపు, చూపియ్యలేదు.”

“గట్లెట్ల చూపియ్యరు?” అన్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. కారెక్కాక చెప్పాడు.

గొర్ల దగ్గర బాపు ఒక్కడే లేడు. సూడాన్ ముసలాయన ఒకడున్నాడు. పేరు బాపుకు తెలీదు. ‘అమ్మి’ అని పిలిచేవాడు; అరబ్బీలో ఆ మాటకు చిన్నాయిన అని అర్థమట. ఎడమ చెంప మీద మూడు గీతలుండేవి, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కోసినవి. బాపు జ్వరంతో పడిపోతే రెండు మందలూ తనే చూసుకున్నాడు. పోదామని అనుకున్న రాత్రి అమ్మి చుక్కను చూపించి, అది కుడి భుజం మీద ఉండేటట్టు పోతే తెల్లారేసరికి లారీల చప్పుడు వినిపిస్తుందన్నాడు. తన చెప్పులిచ్చాడు. ఖర్జూరాలు, ఐదు లీటర్ల నీళ్ల డబ్బా ఇచ్చాడు. నువ్వు కూడా రా అంటే మోకాళ్లు చూపించాడట.

రోడ్డెక్కాక బాపును ఎక్కించుకున్నది ఒక పఠాన్, పాకిస్తాన్ వాడు, ట్యాంకర్ నడిపేవాడు. చెక్‌పోస్టు వస్తుంటే సీటు వెనక పడుకోబెట్టి మీద దుప్పటి కప్పాడు. దొరికితే అతని బతుకూ పోయేది. రియాద్‌లో బత్తా అనే చోట, మనవాళ్లు శుక్రవారం గుమిగూడే సందులో దింపి, పది రియాల్ చేతిలో పెట్టి పోయాడు. నిజామాబాద్ వాళ్ల గదిలో పన్నెండు మంది పడుకునేచోట పదమూడో మనిషికి జాగా ఇచ్చారు.

“పొద్దుగాల వాళ్లచ్చి సూత్తే నేను లేను. ఎవల్ని అడుగుతరు? ఆయిననే గద” అన్నాడు బాపు. ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు ఆయన మొహం మీద పడి పోతున్నాయి. “కొట్టిండ్రో, ఏం జేసిండ్రో.”

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు నేను ఇంటికి పోతే, బాపు ఖార్టూమ్ పొగ చూస్తూ రిమోట్ ఎవరికీ ఇవ్వలేదు. వయసు పెరిగి చాదస్తం వచ్చిందని అమ్మతో నవ్వాను.

“ఇన్నేండ్ల నుంచి ఎందుకు చెప్పలేదు బాపు?”

“నువ్వు అడిగింది నేను ఎట్ల నడిచిన అని. ఎవలు తోలిచ్చిండ్రు అని అడగలే.”

మూడు రోజుల అబద్ధం గురించి అప్పుడు ఒప్పుకున్నాను. ఆయన తేలిగ్గా కొట్టేశాడు: “మూడు రోజులన్నా ముప్పై రోజులన్నా నాకేంది? ఒక్కన్ని పోయిన అన్నవ్ సూడు, గది తప్పు.”

నాకు బెన్యామిన్ గుర్తొచ్చాడు. సినిమా వచ్చాక కేరళలో పెద్ద రచ్చయింది. నవలలో ఉన్నదంతా ఆ అసలు మనిషికి జరగలేదని, నవలలోని నజీబ్ వేరు, ఆ మనిషి వేరు అని రచయిత చెప్పుకోవాల్సి వచ్చింది. విమర్శ రాసేవాడిగా నేను బెన్యామిన్ పక్షమే. నవల నవలే, దానికి ఆధార్ కార్డు అడగకూడదు. కానీ నేను చెప్పింది నవల కాదు. నిజమని చెప్పి చప్పట్లు తీసుకున్నాను. రోజుల లెక్క పెంచి మనుషుల లెక్క తగ్గించాను. ఐదు నిమిషాల్లో పట్టడానికి నేను మొదట కోసింది ట్యాంకర్ డ్రైవర్‌ను; అతని సంగతి అంతో ఇంతో నాకు ముందే తెలుసు. పక్క మనిషి ఉంటే బాపు చిన్నగా కనిపిస్తాడని భయపడ్డాను.

అన్ని కథలూ ఇలా నలుగురితోనే చెప్పాలని కాదు. నిజంగా ఒంటరిగా ఈదినవాళ్లుంటారు, ఎవరూ రానివాళ్లుంటారు. మా వైపు శవపెట్టెలో తిరిగొచ్చినవాళ్లు చాలామంది, వాళ్లకు ట్యాంకర్ ఆగలేదు. వాళ్లలో గుండెధైర్యం తక్కువైందని నేను అనుకోను. కానీ నా ఐదు నిమిషాలు అదే అర్థం ఇచ్చాయి.

ఆ వీడియో తీసేయమని నిర్వాహకులను అడిగాను, తీసేశారు. ఇది రాస్తానంటే బాపు ఒక్క షరతు పెట్టాడు: “నన్ను ఎంత రాసినా సరే, అమ్మిని రాయి.” పేరు లేకుండా, చెంప మీద మూడు గీతలతో సూడాన్‌లో ఒక ముసలాయనను ఇంటర్నెట్‌లో వెతకొచ్చా అని కూడా అడిగాడు. అల్గారిథమ్‌ల మీద బతికే నేను, కష్టం బాపు అన్నాను. అయినా ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని ఫొటోలు చూశాం. ఒక్కొక్కటీ దగ్గరకు పెట్టుకుని చూసి, కాదు అంటూ పోయాడు.

పోయిన వారం ఇదంతా ఫోన్‌లో చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయిపోయాక, “కట్టె రాయలేదేంది?” అన్నాడు.

“ఏం కట్టె?”

“తొవ్వల కుక్కలుంటయని ఆయిన కట్టె గూడ ఇచ్చిండు గద. చెప్పలేనా? ట్యాంకర్ ఎక్కేటప్పుడు రోడ్డు మీదనే ఇడిచిపెట్టిన. తెచ్చుకుంటే అయిపోవు.”