సీసా బట్టీల ఊరు

ఇంగ్లండులో పాత టీ కప్పును తిరగేసి అడుగున చూస్తే చాలాసార్లు స్టాఫర్డ్‌షైర్ అన్న పేరు కనిపిస్తుంది. ఆ జిల్లాలోని స్టోక్-ఆన్-ట్రెంట్ రెండు వందల ఏళ్లకు పైగా పింగాణీ మీదే బతికింది. టన్‌స్టల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్లు 1910లో ఒకటై ఈ స్టోక్ ఏర్పడింది. ఆరింటిలో లాంగ్టన్‌లో, యుటోక్సిటర్ రోడ్డు మీద, గ్లాడ్‌స్టన్ పాటరీ మ్యూజియం ఉంది. ఈ దేశంలో నేను చూసిన మ్యూజియాల్లో నా మనసుకు దానంత దగ్గరగా వచ్చింది మరొకటి లేదు.

మేముండేది డెర్బీలో. అక్కడి నుంచి క్రూ వెళ్లే చిన్న రైలు లాంగ్టన్‌లో ఆగుతుంది, గంట కూడా పట్టదు. గుంటూరు జిల్లాలో హైస్కూలు సైన్సు మాస్టారుగా చేసి రిటైరైన మా నాన్న వేసవికి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. లండన్‌లో కోటలూ కిరీటాలూ చూసినప్పుడు ఆయన మర్యాదగా తల ఊపారే తప్ప ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లాంగ్టన్‌లో రాళ్లు పరిచిన ఆ ఫ్యాక్టరీ ముంగిట్లోకి అడుగుపెట్టగానే మొదలుపెట్టారు.

గ్లాడ్‌స్టన్ అద్దాల బీరువాల మ్యూజియం కాదు. విక్టోరియా రాణి కాలం నాటి ఒక మామూలు పింగాణీ ఫ్యాక్టరీని ఉన్నదున్నట్టు నిలబెట్టారు. 1970 ప్రాంతంలో దాన్ని కూల్చేయబోతుంటే ఊరివాళ్లు పట్టుబట్టి కాపాడుకున్నారు. 1975లో మ్యూజియంగా తెరిచారు. ముంగిలి చుట్టూ మట్టి కలిపే గది, అచ్చులు పోసే గది, ఆరబెట్టే గది, మధ్యలో ఇంటికి మించిన ఎత్తున సీసా ఆకారంలో ఇటుక బట్టీలు. ఒకప్పుడు స్టోక్‌లో ఇలాంటివి 2,000కు పైగా ఉండేవంటారు. మిగిలినవి 50 లోపే.

“మట్టి ఇక్కడిదేనా అమ్మా?” అని అడిగారు నాన్న. స్టోక్ నేలలో ఎర్రమట్టి ఉంది కానీ తెల్ల పింగాణీకి కావలసిన మట్టి లేదు. అది ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి వచ్చేది. ఇక్కడ పుష్కలంగా ఉన్నది బొగ్గు. ఒక టన్ను సామాను కాల్చడానికి అంతకు ఎన్నో రెట్ల బొగ్గు కావాలి. అందుకే బొగ్గును మట్టి దగ్గరికి మోయకుండా, మట్టినే బొగ్గు దగ్గరికి మోశారు. ఓడలో మెర్సీ నది దాకా, అక్కడి నుంచి గుర్రపు బళ్ల మీదో గాడిదల మీదో. పడవలో పోయే కప్పు పగలదు, గతుకుల రోడ్డు మీద పోయే కప్పు పగులుతుంది. ఈ లెక్క తెలిసిన జోసయా వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి ముందు నిలబడి ట్రెంట్-మెర్సీ కాలువ తవ్వించాడు. అది 1777లో పూర్తయింది.

వెడ్జ్‌వుడ్ గురించి నాన్నకు చెప్పడానికి నా దగ్గర ఇంకో సంగతి ఉంది. బట్టీ లోపల ఎంత వేడి ఎక్కిందో కొలిచే సాధనం ఆ రోజుల్లో లేదు. మంట రంగు చూసి చెప్పాల్సిందే. మట్టి కాలేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి, ఒకే కొలతలో చేసిన చిన్న మట్టి ముక్కల్ని బట్టీలో పెట్టి, తీశాక అవి ఎంత తగ్గాయో సన్నబడే గాడిలో జార్చి చూసే పద్ధతి వెడ్జ్‌వుడ్ కనిపెట్టాడు. 1782లో దాని మీద రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు, మరుసటి ఏడాది ఆ సొసైటీ సభ్యుడయ్యాడు. ఆయన డిగ్రీల లెక్క తర్వాత తప్పని తేలింది గానీ ఆలోచన నిలిచింది. 20వ శతాబ్దంలో స్టోక్ బట్టీల్లో వాడిన బుల్లర్స్ రింగులు ఆ సూత్రం మీద పనిచేసినవే. వడ లాగా మధ్యలో చిల్లు ఉన్న మట్టి బిళ్లను ఇనప కడ్డీతో బయటికి లాగి, కొలబద్ద మీద పెట్టి, ఇంకెంతసేపు కాల్చాలో తేల్చేవారు. చార్లెస్ డార్విన్ తల్లి ఈ వెడ్జ్‌వుడ్ కూతురేనని చెబితే నాన్న అక్కడే నిలబడిపోయారు. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు డార్విన్ పాఠం చెప్పిన మనిషి ఆయన.

బట్టీ లోపలికి వెళ్లి చూడవచ్చు. బయటికి సీసాలా కనిపించేది నిజానికి పొగ గొట్టం మాత్రమే. దాని లోపల గుండ్రటి గది మరొకటి ఉంటుంది. ఆ గది చుట్టూ అడుగున పొయ్యి నోళ్లు. పింగాణీకి మసి అంటకుండా, సాగర్ అనే మందపాటి మట్టి పెట్టెల్లో సర్ది, ఆ పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేర్చేవారు. గుమ్మాన్ని ఇటుకలతో మూసేసి నిప్పు పెట్టేవారు. పది టన్నులకు పైగా బొగ్గు, రెండు మూడు రోజుల కాల్పు, చల్లారడానికి మళ్లీ అంత సమయం. కాల్పు సాగినన్నాళ్లూ బట్టీ మేస్త్రీ ఇంటికి పోకుండా అక్కడే కునుకు తీసేవాడు. ఒక్క కాల్పు చెడితే కొన్ని వారాల పని బూడిదపాలు.

సాగర్లను నెత్తిన పెట్టుకుని, నిచ్చెన ఎక్కి పేర్చేవాళ్ల ఫొటోలు చూస్తుండగా నాన్న నా చెయ్యి పట్టుకుని చూపించారు. పాత మేజోడును చుట్టగా చుట్టి వాళ్లు నెత్తి మీద పెట్టుకున్నారు. అచ్చం మన చుట్టకుదురు. పాతిక కిలోల బరువు మెడ మీద పడకుండా లాంగ్టన్ కూలీ కనుక్కున్న ఉపాయమూ, మన ఊళ్లో నీళ్ల బిందె మోసే ఆడవాళ్లు కనుక్కున్నదీ ఒకటే. బట్టీ పూర్తిగా చల్లారేదాకా ఆగే తీరిక యజమానికి ఉండదు. తడి గుడ్డలు చుట్టుకుని, ఆ సెగలోకే దూరి సాగర్లు బయటికి తెచ్చేవారు.

ఈ మ్యూజియం మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. అందమైన పళ్లేలు చూపించి ఊరుకోలేదు, వాటి ఖరీదు ఎవరు చెల్లించారో కూడా చెప్పింది. గ్లేజు అనే గాజు పూతలో సీసం ఉండేది. కాల్చిన సామానును రోజంతా అందులో ముంచి తీసే ఆడవాళ్లకు ఆ సీసం ఒంట్లోకి ఎక్కి మణికట్లు పడిపోయేవి, గర్భాలు పోయేవి. విషమని తెలిశాక కూడా పచ్చి సీసం గ్లేజుల్ని పూర్తిగా ఆపడానికి 20వ శతాబ్దం మధ్యదాకా పట్టింది. బోన్ చైనా సంగతి మరీ ఘోరం. కాల్పులో వంకర పోకుండా దాన్ని చెకుముకిరాతి పొడిలో పెట్టేవారు. తర్వాత ఆ పొడిని దులిపే పని ఆడవాళ్లది. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుని వయసులోనే పోయినవాళ్లు ఎందరో. 1840లలో శామ్యూల్ స్క్రివెన్ అనే ప్రభుత్వ అధికారి ఈ ఫ్యాక్టరీల్లో పిల్లల పరిస్థితి విచారించాడు. పదేళ్లు నిండని పిల్లలు పచ్చి పళ్లేలున్న అచ్చులు పట్టుకుని, తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఆరబెట్టే గదికీ బల్లకీ మధ్య పరుగులు తీసేవారు.

బోన్ చైనా గురించి ఒక మాట. దాన్లో సగం ఎముకల బూడిద, మిగతాది తెల్లమట్టి, కార్న్‌వాల్ రాయి. 18వ శతాబ్దం చివర స్పోడ్ కుటుంబం ఈ పాళ్లను కుదిర్చింది. మన ఇళ్లలో తెలియకుండానే ఆ కప్పుల్లో టీ తాగేవాళ్లున్నారు, తెలిస్తే ముట్టనివాళ్లూ ఉన్నారు. శాకాహారి అయిన మా నాన్న ఆ బోర్డు రెండుసార్లు చదివి, “కాల్షియం ఫాస్ఫేట్. అందుకే వెలుతురు అవతలికి కనిపిస్తోంది” అని మాత్రం అన్నారు.

ఒక గదిలో వయసు మళ్లిన ఒకావిడ బోన్ చైనా మట్టితో గులాబీలు చేస్తూ కూర్చుంది. అరచేతిలో మట్టి ఉండను వేలితో నొక్కితే రెక్క, రెక్క మీద రెక్క చుడితే పువ్వు. పదిహేనో ఏట ఫ్యాక్టరీలో నేర్చుకుందట. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. అలాంటివాళ్లు ఉండబట్టే అది బతికున్న మ్యూజియం.

1956లో వచ్చిన స్వచ్ఛమైన గాలి చట్టంతో బొగ్గు బట్టీల కాలం ముగిసింది. గ్యాసు, కరెంటు బట్టీలు వచ్చాయి. ఊరి మీది నల్ల పొగ పోయినందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు. అయితే పొగతో పాటు బట్టీ కాల్చే విద్య కూడా పోతుందని ఈ మ్యూజియం వాళ్లకు తట్టింది. 1978లో, అప్పటికి బతికి ఉన్న పాత పనివాళ్లను పిలిచి, ప్రత్యేక అనుమతి తీసుకుని, లాంగ్టన్‌లోనే ఒక బట్టీని చివరిసారి కాల్పించారు. సాగర్లు సర్దడం దగ్గర నుంచి గుమ్మం తెరిచేదాకా అంతా సినిమా తీసి భద్రపరిచారు. ఆ పనివాళ్లలో ఇప్పుడు ఎవరు మిగిలారో గానీ, బట్టీ ఎలా కాల్చాలో మాత్రం మిగిలింది.

తిరుగు ప్రయాణంలో నాన్న మా ఊరి కుమ్మరి వీధి గురించి చెప్పారు. చెరువు మట్టి తెచ్చి, ఆడవాళ్లు కాళ్లతో తొక్కి మెత్తన చేసేవారు. మగవాళ్లు సారె తిప్పి కుండకు అంచు తీసేవారు. సగం ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి పొట్ట పెంచేవారు. పిడకలు, చితుకులు, గడ్డి వేసి ఆవం పెట్టేవారు. పెళ్లికి అరివేణి కుండలు తేవడానికి బాజాలతో వాళ్ల గుమ్మంలోకే వెళ్లేవాళ్లం. ఆ వీధిలో ఇప్పుడు సారె తిప్పేది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటి కొడుకు నాన్న దగ్గర చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అతను వెళ్లడం మంచిదే. కానీ ఎంత ఇసుక కలిపితే కుండ పగలదో, ఆవం ఎప్పుడు మూస్తే కుండ నల్లబడుతుందో తెలిసినవాళ్లు అతని తండ్రితో ఆఖరు.

మన మ్యూజియాల్లో నేను చూసిన మట్టి పాత్రల పక్కన రాజవంశం పేరుంది, తవ్వకం జరిగిన ఊరి పేరుంది. మట్టి తొక్కిన మనిషి ఊసు లేదు. శాతవాహనుల నాటి కుమ్మరి పేరు ఎలాగూ తెలియదు. ఈనాటి కుమ్మరి పేరు మనకు తెలుసు, ఆయన ఇల్లు మన పక్క వీధిలోనే ఉంది.

సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరు వెళ్లే ప్రవాసులకు నా విన్నపం ఇది. ఒక పూట కుమ్మరి వీధికి వెళ్లండి. ఏ చెరువు మట్టి, ఎన్నాళ్లు నానబెట్టాలి, ఆవం ఎలా పేరుస్తారు, ఏ పనిముట్టును ఏమంటారు, ఏ పని ఆడవాళ్లది, ఏ జబ్బులు వస్తాయి, ఇవన్నీ వాళ్ల నోటితోనే చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వాళ్ల అనుమతితో, వాళ్ల పేర్లతోనే దాచండి. పని మానుకుని మీతో కూర్చున్నందుకు ఆ రోజు కూలి లెక్కగట్టి వాళ్ల చేతికివ్వడం మరిచిపోకండి.